ల్యాప్‌టాప్ ఉన్నట్టుండి ఆగిపోతోందా? షాపుకి తీసుకెళ్ళే ముందు ఇంట్లోనే ఇవి చూడండి



సెలవుల ప్రాజెక్టులు మొదలయ్యే రోజులివి. ఎండలు ముదిరే రోజులు కూడా ఇవే. ఈ రెండూ కలిసినప్పుడు పిల్లల దగ్గర టీచర్లు తరచుగా వినే మాట ఒకటుంది: "మిస్, వర్క్ చేస్తుంటే ల్యాప్‌టాప్ దానంతట అదే ఆఫ్ అయిపోయింది. చేసిందంతా పోయింది." ఇదే మాట ఇంట్లో చెబితే కొందరు పెద్దలు నమ్మరు. "గేమ్స్ ఆడి పాడు చేసుంటావు" అంటారు, లేదా పని తప్పించుకోవడానికి సాకు అనుకుంటారు. ఇంకొందరు కంగారుపడి కొత్త ల్యాప్‌టాప్ కొనడానికి లెక్కలు వేసుకోవడం మొదలుపెడతారు.

రెండూ తొందరపాటే. ల్యాప్‌టాప్ ఉన్నట్టుండి ఆగిపోవడానికి ముఖ్యమైన కారణాల్లో ఒకటి వేడి. చాలాసార్లు దీన్ని పైసా ఖర్చు లేకుండా, లేదా చిన్న సర్వీసింగ్‌తో సరిచేయవచ్చు. అయితే కారణం వేడేనా కాదా అన్నది ముందు తేల్చుకోవాలి. ఆ తేల్చుకునే పద్ధతిని ఈ నెల వరసగా చెబుతున్నాను. మీకు కంప్యూటర్ల గురించి పెద్దగా తెలియకపోయినా ఫరవాలేదు. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఇద్దరూ కలిసి చేయండి.

ల్యాప్‌టాప్ ఎందుకు ఆగిపోతుంది?

ల్యాప్‌టాప్ లోపల ప్రాసెసర్ అనే చిన్న చిప్ ఉంటుంది. లెక్కలన్నీ చేసేది అదే. పని చేస్తున్నంతసేపూ అది కరెంటును వేడిగా మారుస్తూనే ఉంటుంది. మామూలు ల్యాప్‌టాప్‌లలో దాని వాడకం 15 వాట్ల చుట్టుపక్కల ఉంటుంది. గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో 45 వాట్లు, అంతకన్నా ఎక్కువ కూడా ఉండొచ్చు. పాతకాలపు 40 వాట్ల బల్బు కాసేపు వెలిగాక చేత్తో ముట్టుకోలేకపోయేవాళ్ళం, గుర్తుందా? దాదాపు అంత వేడి బొటనవేలి గోరంత చోట పుడుతుందనుకోండి.

ఆ వేడిని బయటికి పంపడానికి లోపల ఒక ఏర్పాటు ఉంటుంది. చిప్ మీద థర్మల్ పేస్ట్ అనే పల్చని పూత ఉంటుంది. దాని మీద రాగి గొట్టం ఆనుకుని ఉంటుంది. ఆ గొట్టం వేడిని పక్కనున్న సన్నని లోహపు రేకుల దాకా తీసుకెళ్తుంది. చిన్న ఫ్యాన్ కింది నుంచి గాలి లాగి ఆ రేకుల మధ్యగా ఊది బయటికి పంపిస్తుంది. ఏడో తరగతి సైన్స్‌లో మీ పిల్లలు చదివే ఉష్ణ వహనం, ఉష్ణ సంవహనం ఇవే. రాగి గొట్టంలోకి వేడి పాకడం వహనం, గాలి ఆ వేడిని మోసుకుపోవడం సంవహనం. పాఠం చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ ఇంట్లో దొరకదు.

ఈ దారిలో ఎక్కడ అడ్డు పడినా వేడి లోపలే పేరుకుంటుంది. చిప్ ఉష్ణోగ్రత 95 నుంచి 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి వస్తే చాలా ప్రాసెసర్లు ముందు తమ వేగం తామే తగ్గించుకుంటాయి. అప్పుడే మనకు "ల్యాప్‌టాప్ స్లో అయింది" అనిపిస్తుంది. అలా తగ్గించుకున్నా వేడి దిగకపోతే, చిప్ కాలిపోకుండా మొత్తం కరెంటు ఒక్కసారిగా ఆపేస్తుంది. అంటే ల్యాప్‌టాప్ ఆగిపోవడం దాని రోగం కాదు, అది తనను తాను కాపాడుకునే పద్ధతి. రోగం ఇంకెక్కడో ఉంది. దాన్ని మనం వెతకాలి.

మొదటి ప్రశ్న: నిజంగా వేడి వల్లేనా?

ఆగిపోయే తీరును బట్టి కారణం చాలావరకు తెలిసిపోతుంది. పిల్లల్ని కోప్పడకుండా ఈ వివరాలు అడగండి.

వేడి వల్ల ఆగితే ఇలా ఉంటుంది: ఆగడానికి ముందు ఫ్యాన్ గట్టిగా రొద పెడుతుంది. పని మందగిస్తుంది. కింది భాగం చేయి పెట్టలేనంత వేడెక్కుతుంది. ఏ మెసేజ్ లేకుండా స్క్రీన్ ఒక్కసారిగా నల్లబడుతుంది. వెంటనే ఆన్ చేస్తే ఆన్ కాకపోవచ్చు, లేదా ఆన్ అయి కొద్దిసేపట్లోనే మళ్ళీ ఆగిపోవచ్చు. అరగంట ఆగి ఆన్ చేస్తే మాత్రం బాగానే నడుస్తుంది. వీడియో క్లాసులు, గేమ్స్, వీడియో ఎడిటింగ్ లాంటి బరువైన పనుల్లోనే ఎక్కువగా ఇలా జరుగుతుంది.

కరెంటు పోయినప్పుడో, ఛార్జర్ వైరు కదిలినప్పుడో ఆగిపోతే అది వేడి కాదు. బ్యాటరీ పూర్తిగా అయిపోయిందని, ల్యాప్‌టాప్ కేవలం ఛార్జర్ మీదే నడుస్తోందని అర్థం. మన ఇళ్ళలో కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ ఒక్క క్షణం చాలు, అది ఆరిపోవడానికి. ఇన్వర్టర్ ఉంది కదా అని ఈ సంగతి మనం గమనించం.

బ్యాటరీ 30 శాతమో 40 శాతమో చూపిస్తూ ఉన్నట్టుండి ఆగిపోతే, అదీ బ్యాటరీ పాతబడిన గుర్తే.

నీలం రంగు స్క్రీన్ వచ్చి, ఏదో ఎర్రర్ చూపించి రీస్టార్ట్ అయితే డ్రైవర్లు, ర్యామ్, హార్డ్ డిస్క్ లాంటి వాటిని అనుమానించాలి.

"అప్‌డేట్స్ జరుగుతున్నాయి" అని చూపించి రీస్టార్ట్ అయితే అసలు లోపమే లేదు. విండోస్ తన పని తాను చేసుకుంటోంది. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ కింద "యాక్టివ్ అవర్స్" అని ఉంటుంది. పిల్లలు చదువుకునే సమయం అక్కడ ఇస్తే ఆ గంటల్లో అప్‌డేట్ కోసం దానంతట అది రీస్టార్ట్ కాదు.

పొద్దున్నే చల్లగా ఉన్న ల్యాప్‌టాప్ ఆన్ చేసిన ఒకటి రెండు నిమిషాల్లోనే ఆగిపోతే అది మామూలు దుమ్ము సమస్య కాకపోవచ్చు. లోపల ఫ్యాన్ తిరగడం మానేసి ఉండాలి, లేదా కరెంటు అందించే భాగంలో లోపం ఉండాలి. అది మాత్రం సర్వీస్ వాళ్ళ పని.

ల్యాప్‌టాప్ రాసుకునే డైరీ

పిల్లల మాట నిజమా కాదా అని వాదించుకోనవసరం లేదు. ల్యాప్‌టాప్ ఎప్పుడు ఎలా ఆగిందో విండోస్ రాసిపెట్టుకుంటుంది. అది చూడటం చాలా తేలిక.

స్టార్ట్ బటన్ మీద మౌస్‌తో రైట్ క్లిక్ చేయండి. వచ్చే లిస్టులో "ఈవెంట్ వ్యూయర్" నొక్కండి. ఎడమవైపు "విండోస్ లాగ్స్", దాని కింద "సిస్టమ్" తెరవండి. తేదీలు, సమయాలతో పెద్ద పట్టిక వస్తుంది. "ఈవెంట్ ఐడీ" అన్న వరసలో ఈ నంబర్లు వెతకండి.

1074 ఉంటే, ఎవరైనా మామూలుగా షట్‌డౌన్ చేశారు, లేదా అప్‌డేట్ లాంటి ప్రోగ్రామ్ రీస్టార్ట్ చేసింది.

41 ఉంటే, పక్కన "కెర్నల్ పవర్" అని, "క్రిటికల్" అని కనిపిస్తుంది. ల్యాప్‌టాప్ పద్ధతి ప్రకారం ఆఫ్ కాలేదని, మధ్యలో ఆగిపోయిందని దీని అర్థం. ఇది మళ్ళీ ఆన్ అయ్యాక రాసుకునేది. కాబట్టి దాని పక్కనున్న సమయం ఆన్ అయిన సమయం.

6008 ఉంటే, దాని మీద క్లిక్ చేయండి. అంతకుముందు ఏ సమయానికి అనుకోకుండా ఆగిపోయిందో కింద వాక్యంలో ఉంటుంది.

86 నంబరుతో "కెర్నల్ పవర్" ఉండి, కింది వివరంలో "థర్మల్" అన్న మాట కనిపిస్తే వేడి వల్లే ఆగిందని నేరుగా తేలినట్టే.

ఒక జాగ్రత్త చెప్పాలి. 41 ఒక్కటే చూసి తీర్పు ఇవ్వకండి. వేడి వల్ల ఆగినా, బ్యాటరీ వల్ల ఆగినా, పవర్ బటన్ గట్టిగా నొక్కిపట్టి ఆపినా అదే నంబరు పడుతుంది. అలాగే వేడి వల్ల ఆగిన ప్రతిసారీ 86 పడాలని కూడా లేదు. చిప్ స్థాయిలోనే కరెంటు తెగిపోతే రాసుకునే వ్యవధి విండోస్‌కి ఉండదు. కాబట్టి ఈ డైరీని, పైన చెప్పిన లక్షణాలను కలిపి చూసుకోవాలి.

బ్యాటరీ మీద అనుమానం ఉంటే ఇంకో పరీక్ష ఉంది. స్టార్ట్‌లో "కమాండ్ ప్రాంప్ట్" తెరిచి ఇంగ్లిషులో "పవర్" అన్న మాట, దానికి ఆనించి సీ, ఎఫ్, జీ అక్షరాలు టైప్ చేయాలి. తర్వాత ఒక స్పేస్ వదిలి, స్లాష్ గుర్తు పెట్టి, దానికి ఆనించి "బ్యాటరీరిపోర్ట్" అని కలిపి ఒకే మాటగా టైప్ చేసి ఎంటర్ కొట్టాలి. రిపోర్ట్ ఎక్కడ సేవ్ అయిందో అక్కడే చూపిస్తుంది. దాన్ని తెరిస్తే "డిజైన్ కెపాసిటీ", "ఫుల్ ఛార్జ్ కెపాసిటీ" అని రెండు అంకెలుంటాయి. మొదటిది కొత్తలో ఉన్న శక్తి, రెండోది ఇప్పుడున్నది. రెండోది మొదటిదాంట్లో సగం కూడా లేకపోతే బ్యాటరీ మార్చే సమయం వచ్చినట్టే. ఆ శాతం లెక్క మీ అబ్బాయి చేతో అమ్మాయి చేతో చేయించండి.

పైసా ఖర్చు లేని పనులు ముందు

వేడే కారణమని అనిపిస్తే ఖర్చు లేని వాటితో మొదలుపెట్టండి. ఒక్కో మార్పు చేసి ఒకటి రెండు రోజులు చూడండి. అన్నీ ఒకేసారి చేస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు.

మొదటిది, పెట్టే చోటు. చాలా ల్యాప్‌టాప్‌లు కింది నుంచే గాలి పీల్చుకుంటాయి. పరుపు మీద, దిండు మీద, బొంత మీద, ఒళ్ళో పెట్టుకుంటే ఆ రంధ్రాలు మూసుకుపోతాయి. ముక్కు మూసి పరిగెత్తమన్నట్టే అది. బల్ల మీద పెట్టి వాడే అలవాటు చేయండి. బల్ల లేకపోతే చదువుకునే పీటో, ప్లాస్టిక్ స్టూలో, ఒక అట్టయినా చాలు. వెనక రెండు మూలల కింద రెండు సీసా మూతలు పెట్టి కొద్దిగా ఎత్తితే గాలి ఇంకా బాగా ఆడుతుంది. మూతలు రంధ్రాలకు అడ్డం రాకుండా చూసుకోండి. గోడకు ఆనించి పెట్టకండి, వేడి గాలి బయటికి వెళ్ళే దారి చాలా ల్యాప్‌టాప్‌లకు వెనకో పక్కనో ఉంటుంది.

రెండోది, గది. ఆపిల్ తన మ్యాక్‌బుక్‌లను 10 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని చెబుతుంది. చాలా కంపెనీల ల్యాప్‌టాప్‌లకు కూడా పరిమితి 35 దగ్గరే ఉంటుంది. మే నెల మధ్యాహ్నం విజయవాడలోనో, ఖమ్మంలోనో, రామగుండంలోనో బయట 40 దాటుతుంది. పై అంతస్తులో స్లాబు కింద గది ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఫ్యాన్ లోపలికి లాగేది ఆ వేడి గాలినే. అందుకే చలికాలంలో బాగున్న ల్యాప్‌టాప్ వేసవిలో మొరాయిస్తుంది. బరువైన పనులు ఉదయం పెట్టుకోండి. మధ్యాహ్నం నోట్స్ రాసుకోవడం, పుస్తకం చదవడం లాంటివి పెట్టండి. కిటికీ దగ్గర ఎండ పడే చోట అసలు వద్దు.

మూడోది, చల్లబరిచే తొందరలో చేసే పొరపాట్లు. కొందరు ల్యాప్‌టాప్‌ను ఫ్రిజ్‌లో పెడతారు, కింద ఐస్ ప్యాక్ పెడతారు, తడి గుడ్డ చుడతారు. ఇవేవీ చేయకండి. చల్లటి నీళ్ళ గ్లాసు బయట చెమర్చినట్టే, లోపల తేమ పట్టి సర్క్యూట్ పాడవుతుంది. నీళ్ళ కూలర్‌కి ఎదురుగా దగ్గరగా కూడా పెట్టవద్దు. మామూలు టేబుల్ ఫ్యాన్ గాలి తగిలితే చాలు.

నాలుగోది, స్కూల్ బ్యాగ్. స్క్రీన్ మూసినంత మాత్రాన ల్యాప్‌టాప్ ఆఫ్ అయినట్టు కాదు. చాలావరకు అది స్లీప్‌లో ఉంటుంది. అప్పుడప్పుడు లోపల మేలుకుని పని మొదలుపెడుతుంది. జిప్ వేసిన బ్యాగ్‌లో ఆ వేడికి దారి ఉండదు. బ్యాగ్‌లో పెట్టే ముందు పూర్తిగా షట్‌డౌన్ చేయడం పిల్లలకు నేర్పండి.

లోపల ఎవరు పని చేస్తున్నారు?

ఏమీ చేయకపోయినా ఫ్యాన్ రొద పెడుతుంటే, మనకు తెలియకుండా ఏదో ప్రోగ్రామ్ నడుస్తోందన్నమాట. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు కీలు కలిపి నొక్కండి. "టాస్క్ మేనేజర్" వస్తుంది. అందులో "సీపీయూ" అన్న మాట మీద క్లిక్ చేస్తే ఎక్కువ పని చేస్తున్నవి పైకి వస్తాయి. ఒక్కోసారి అది బ్రౌజర్‌లో తెరిచి ఉంచిన ముప్పై ట్యాబ్‌లు కావచ్చు. ఒక్కోసారి యాంటీవైరస్ స్కాన్ కావచ్చు, గేమ్ లాంచర్ కావచ్చు. కొద్దిసేపు ఆగితే తగ్గిపోయేవి ఫరవాలేదు. పేరు తెలియని ప్రోగ్రామ్ ఏదైనా గంటల తరబడి పైనే ఉంటే వైరస్ స్కాన్ చేయండి. "ఫ్రీ గేమ్" పేరుతో ఎక్కడెక్కడి నుంచో డౌన్‌లోడ్ చేసిన వాటితో ఇలాంటివి వస్తాయి.

అదే టాస్క్ మేనేజర్‌లో "స్టార్టప్ యాప్స్" అని ఉంటుంది. ఆన్ చేయగానే లేచే ప్రోగ్రాములు అవి. అక్కర్లేని వాటిని "డిజేబుల్" చేయండి. డిలీట్ కావు, పిలిస్తేనే వస్తాయి.

విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, పవర్ అండ్ బ్యాటరీ లోపల "పవర్ మోడ్" ఉంటుంది. దాన్ని "బెస్ట్ పవర్ ఎఫిషియెన్సీ"కి మార్చండి. వేగం కొద్దిగా తగ్గుతుంది, వేడీ తగ్గుతుంది. క్లాసులకు, టైపింగ్‌కు ఆ వేగం సరిపోతుంది.

వేడిని అంకెల్లో చూడాలంటే "కోర్ టెంప్", "హెచ్‌డబ్ల్యూమానిటర్" లాంటి ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి. వాటి సొంత వెబ్‌సైట్ల నుంచే తీసుకోండి. మామూలుగా ఊరికే ఉన్నప్పుడు 40 నుంచి 55, పని చేస్తున్నప్పుడు 60 నుంచి 80 డిగ్రీలు ఉంటే కంగారు అక్కర్లేదు. చిన్న పనికే 90 దాటుతుంటే గాలి దారిలో అడ్డు ఉందని అర్థం. ఒక నోట్‌బుక్‌లో తేదీ, సమయం, చేస్తున్న పని, ఉష్ణోగ్రత, ఆగిందా లేదా అని వారం రోజులు పిల్లల చేత రాయించండి. ఆ పేజీ తర్వాత షాపులో కూడా మీకు పనికొస్తుంది.

దుమ్ము: కనిపించని దుప్పటి

పైవన్నీ చేసినా తగ్గకపోతే దుమ్మును అనుమానించాలి. రోడ్డు దుమ్ము, అగరబత్తి పొగ, వంటింటి నూనె జిడ్డు, దుప్పట్ల నూగు, జుట్టు అన్నీ ఫ్యాన్ లోపలికి లాగుతుంది. అవి ఫ్యాన్‌కీ లోహపు రేకులకీ మధ్య చేరి, రెండు మూడేళ్ళలో ఉన్నిగుడ్డ లాంటి పొరగా తయారవుతాయి. ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, గాలి మాత్రం బయటికి రాదు. పరీక్ష ఇదీ: ఫ్యాన్ గట్టిగా తిరుగుతున్నప్పుడు గాలి బయటికి వచ్చే చోట అరచేయి పెట్టండి. శబ్దం ఎక్కువగా ఉండి గాలి సన్నగా వస్తుంటే దారి మూసుకుపోయినట్టే. శబ్దం, గాలి రెండూ లేకపోతే ఫ్యాన్ ఆగిపోయి ఉండొచ్చు. అయితే మ్యాక్‌బుక్ ఎయిర్ ఎం1, ఆ తర్వాతి మోడళ్ళ లాంటి కొన్నింటికి అసలు ఫ్యానే ఉండదు, మీది ఏ మోడలో చూసుకోండి.

ఇంట్లో చేయగలిగేది పైపై శుభ్రమే. షట్‌డౌన్ చేయండి, ఛార్జర్ తీసేయండి, పూర్తిగా చల్లారనివ్వండి. మెత్తటి పొడి బ్రష్‌తో రంధ్రాల మీది దుమ్ము తీయండి. డబ్బాలో వచ్చే గాలి స్ప్రే వాడితే డబ్బాను నిలువుగా పట్టుకుని, చిన్న చిన్నగా ఊదండి. ఒకేచోట ఊదితే ఫ్యాన్ మితిమీరిన వేగంతో తిరిగి పాడవుతుంది. ఇల్లు ఊడ్చే వ్యాక్యూమ్ క్లీనర్ వాడకండి, దానివల్ల పుట్టే స్థిర విద్యుత్తు చిప్‌లకు ప్రమాదం. హెయిర్ డ్రయ్యర్, తడి గుడ్డ అసలు వద్దు.

గట్టిగా పేరుకున్న పొర పోవాలంటే వెనక మూత విప్పాలి. వారంటీలో ఉంటే కంపెనీ సర్వీస్ సెంటర్‌కే ఇవ్వండి.

ఇది కనిపిస్తే వెంటనే ఆపండి

ఒక్క విషయంలో మాత్రం "రేపు చూద్దాం" అనకండి. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టున్నా, కీబోర్డ్ మధ్యలో ఉబ్బినా, బల్ల మీద పెడితే ల్యాప్‌టాప్ ఊగుతున్నా, మూత సరిగా మూసుకోకపోయినా లోపల బ్యాటరీ ఉబ్బిందని అనుమానించాలి. లిథియం బ్యాటరీ పాతబడినా, ఎక్కువ వేడికి గురైనా లోపల గ్యాస్ చేరి ఇలా ఉబ్బుతుంది. అది చిరిగినా నలిగినా మంటలు రావచ్చు.

అప్పుడు ఛార్జింగ్ ఆపండి, షట్‌డౌన్ చేయండి. నొక్కి సరిచేయాలని చూడకండి, గుచ్చకండి. పిల్లలకు అందకుండా, బట్టలు కాగితాలు లేని చోట గచ్చు మీద పెట్టి, వీలైనంత త్వరగా సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళండి. పాత బ్యాటరీని చెత్తబుట్టలో వేయకూడదు. వాడేసిన బ్యాటరీలను తిరిగి సేకరించే బాధ్యతను మన దేశంలో 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు తయారీదారుల మీద పెట్టాయి. కాబట్టి సర్వీస్ సెంటర్లోనే అప్పగించండి.

షాపులో అడగాల్సినవి

ముందుగా పిల్లల ఫైళ్ళన్నీ పెన్‌డ్రైవ్‌లోకో గూగుల్ డ్రైవ్‌లోకో కాపీ చేసుకోండి. తర్వాత "ఆన్ కావట్లేదు", "పాడైంది" అని కాకుండా, నోట్‌బుక్ పేజీ చూపించి ఏ పని చేస్తుంటే ఎంత సేపటికి ఆగుతోందో చెప్పండి. మొదట అడగాల్సింది ఫ్యాన్, లోహపు రేకుల శుభ్రం, కొత్త థర్మల్ పేస్ట్. కొన్నేళ్ళకు ఆ పేస్ట్ ఎండిపోయి చిప్ వేడి రాగి గొట్టానికి సరిగా అందదు. ఫ్యాన్ తిరగకపోతే ఫ్యాన్ ఒక్కటే మార్చవచ్చు.

వీటిలో ఏదీ చూడకుండానే "మదర్‌బోర్డు పోయింది" అంటే ఒప్పేసుకోకండి. ఎలా తేల్చారో అడగండి. మార్చిన పాత భాగం తిరిగి ఇవ్వమనండి. బిల్లు తీసుకోండి. ఇంకోచోట కూడా చూపించండి. ఫీజులు, పుస్తకాలు, యూనిఫాంల ఖర్చు కలిసొచ్చే నెలల్లో అక్కర్లేని ఖర్చు పడకూడదనే ఇంతగా చెబుతున్నాను.

కూలింగ్ ప్యాడ్ కొనమని కూడా సలహా ఇస్తారు. ల్యాప్‌టాప్ గాలి పీల్చే రంధ్రాలు, ప్యాడ్ ఫ్యాన్లు ఒకే చోట కుదిరితే కొంత ఉపయోగం ఉంటుంది. లోపల దుమ్ము అలాగే ఉంచి ప్యాడ్ కొంటే మాత్రం పెద్దగా తేడా రాదు.

రిపేర్ అయ్యేలోగా పిల్లల పని పోకుండా

ల్యాప్‌టాప్ బాగుపడటానికి నాలుగు రోజులు పట్టొచ్చు. ఆలోగా చేసిన పని పోకుండా చూసుకోవాలి. పేరా పూర్తయినప్పుడల్లా కంట్రోల్, ఎస్ నొక్కడం అలవాటు చేయండి. గూగుల్ డాక్స్‌లో రాస్తే ఇంటర్నెట్ ఉన్నంతసేపూ దానంతట అదే సేవ్ అవుతుంది. ల్యాప్‌టాప్ ఆగిపోయినా ఫోన్‌లో తెరిచి కొనసాగించవచ్చు. వర్డ్ వాడుతుంటే, మళ్ళీ తెరిచినప్పుడు "రికవరీ" అని ఏదైనా చూపిస్తుందేమో చూడండి. తొందరలో దాన్ని మూసేస్తే దొరికేది కూడా పోవచ్చు.

ఆన్‌లైన్ టెస్ట్ ఉన్న రోజు అరగంట ముందే ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేసి, టెస్ట్ తప్ప మిగతావన్నీ మూసేయండి. బల్ల మీద, ఛార్జర్ పెట్టి, ఫ్యాన్ గాలి తగిలేలా ఉంచండి. మధ్యలో ఆగిపోతే పిల్లలు ఏడుస్తూ కూర్చోకుండా ఫోన్‌లో లాగిన్ అయ్యేలా ముందే ఒకసారి చూపించి పెట్టండి. ఆ వెంటనే మీరు క్లాస్ టీచర్‌కి సమయంతో సహా మెసేజ్ చేయండి. తర్వాత ఈవెంట్ వ్యూయర్ పేజీ ఫోటో తీసి పంపితే ఏం జరిగిందో మాకూ స్పష్టంగా అర్థమవుతుంది.

చివరగా ఒక మాట. పిల్లలు "ల్యాప్‌టాప్ ఆగిపోయింది" అని వచ్చి చెప్పారంటే, తిడతారేమోనన్న భయం ఉన్నా వచ్చి చెప్పారన్నమాట. అప్పుడు మన మొదటి మాట "ఏం చేశావు?" అయితే, రేపు బ్యాటరీ ఉబ్బినా చెప్పరు. "పద, ఎందుకాగిందో ఇద్దరం చూద్దాం" అంటే చెబుతారు. దుమ్ము తుడిచి, పేస్ట్ మార్చి, బల్ల మీద పెడితే ల్యాప్‌టాప్ ఇంకొన్నేళ్ళు పని చేస్తుంది. లోపం ఎక్కడుందో ఓపిగ్గా ఒక్కొక్కటీ చూసుకుంటూ కనిపెట్టడం పిల్లలు మీ పక్కన కూర్చుని నేర్చుకుంటారు. ఈ సెలవుల్లో అది కూడా ఒక ప్రాజెక్టే అనుకోండి.